ఫ్లాస్కు పుట్టింది వేడి కోసం కాదు

నమస్తే అండీ. ఈరోజు టేబుల్ మీద రెండు ఫ్లాస్కులున్నాయి. ఒకటి మా అమ్మమ్మగారింట్లోది, లోపల గాజు ఉన్న పాత రకం. రెండోది ఈమధ్య కొన్న స్టీలుది. పాతదాని అడుగు మూత విప్పుతున్నాను, కాస్త దగ్గరగా చూపిస్తా.

అద్దంలా మెరిసే గాజు. కింద కొసదేరిన చిన్న తోక కనిపిస్తోందా? ఇది సీసాలో సీసా అండీ. రెండు గోడల మధ్య గాలిని ఈ తోక దగ్గరే లాగేసి, గాజు కరిగించి మూసేస్తారు. మధ్యలో గాలి లేదు కాబట్టి వేడి దాటిపోలేదు. కిరణాల్లా బయటికి పోయే వేడిని ఈ వెండి పూత వెనక్కి కొడుతుంది. తోక విరిగిందా, గాలి దూరిపోతుంది. ఇక ఇది మామూలు సీసాయే.

దీన్ని 1892లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తయారుచేసింది జేమ్స్ డెవార్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త. టీ కోసం కాదండీ! ఆయన ద్రవ రూపంలోకి మార్చిన వాయువులతో పనిచేసేవారు. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఆ చల్లదనం నిలవాలంటే ఇలాంటి పాత్ర కావాలి. మన పశువుల ఆసుపత్రుల్లో ద్రవ నత్రజని ఉంచే క్యాన్లు ఉంటాయి చూడండి, అవి అచ్చంగా డెవార్ పాత్రలే.

డెవార్ పేటెంటు తీసుకోలేదు. బెర్లిన్‌లో గాజు పనివాడు రైన్‌హోల్డ్ బర్గర్ దానికి లోహపు తొడుగు వేసి, ఇంట్లో వాడుకునేలా మలిచి పేటెంటు తీసుకున్నాడు. 1904లో థర్మోస్ కంపెనీ మొదలైంది. గ్రీకులో 'థెర్మోస్' అంటే వేడి అని. చల్లదనం కోసం పుట్టిన వస్తువు వేడి పేరుతో ఊరూరా తిరిగింది. నాకు ఈ కథలో బాగా నచ్చే సంగతి ఇదే.

ఆ పేరు కూడా కంపెనీ చేతిలో పూర్తిగా నిలవలేదు. అమెరికాలో జనం ఏ కంపెనీదైనా థర్మోస్ అనే అనేవారు. 1963లో అక్కడి అప్పీలు కోర్టు, చిన్న అక్షరాలతో రాసే ఆ మాట అందరిదీ అని తేల్చింది. మనం మాత్రం హాయిగా ఫ్లాస్కు అనేశాం.

ఇక స్టీలుది. అంతా స్టీలుతో చేసే పద్ధతి 1913లో అమెరికాలో విలియం స్టాన్లీ కనిపెట్టినది. ఇప్పుడే ఇందులో సలసల మరిగే నీళ్లు పోశాను. నడుము పట్టుకుంటే చల్లగానే ఉంది. మెడ దగ్గర వేలు పెడితే వెచ్చగా తగులుతోంది. రెండు గోడలూ కలిసేది అక్కడే, వేడి జారిపోయేదీ అక్కడే. అందుకే కొనేటప్పుడు రంగు కంటే ముందు మూత చూడండి. రబ్బరు వాషరు బిగుతుగా ఉండాలి, విప్పి కడుక్కునేలా ఉండాలి. లేకపోతే పాల టీ వాసన పట్టేస్తుంది.

ప్రయాణాలకు, పిల్లలకు, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి స్టీలుదే తీసుకోండి. ఇంట్లో కదపకుండా ఒకచోట పెట్టుకునేవాళ్లకు గాజుది చాలు, రుచి మారదు. ఏదైనా సరే, టీ పోసే ముందు వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయండి.