ఎడారి బురదలో చెట్లెందుకు లేవు?

(దృశ్యం: మే నెల మధ్యాహ్నం. సిరొంచకు ఎగువన ప్రాణహిత ఇసుక. ఇద్దరు చేతులతో చెలమ తోడుతున్నారు.)

నమస్కారం. గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి మాట్లాడుతున్నాను. అవతలి గట్టు తెలంగాణ. మా ఇళ్లలో దీన్ని చెలిమె అంటాం. మూరెడు లోతు తవ్వితే నీరు ఊరుతుంది, వరద రాగానే ఆనవాలు లేకుండా పోతుంది. అదే ఒక ఊట ఎడారి నడుమ ఏడాది పొడవునా, వందల ఏళ్లు ఆగకుండా ఊరితే? దాని చుట్టూ ఏం మొలుస్తుంది?

(దృశ్యం: పటం. అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికో. దిగువన మెక్సికోలోని సొనోరా.)

ఇక్కడి ఊట చిత్తడులను స్పానిష్‌లో సియెనెగా అంటారు. 'నూరు నీళ్లు' అని అర్థం చెప్పేవారున్నారు. కథ బాగుంది కానీ, ఆ మాట పుట్టింది 'బురద' నుంచి.

(దృశ్యం: ఎండిన నేల మధ్య పచ్చని తుంగ పరుపు.)

ఇంత నీరున్నచోట మాను కట్టిన చెట్లు ఉండాలి కదా? దాదాపు లేవు. ఎప్పుడూ నానుతూ ఉండే బురదలో గాలి ఉండదు. ఆకులలములు కుళ్లేటప్పుడు ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా ఖర్చయిపోతుంది. వేళ్లకు ఊపిరాడదు. విల్లో లాంటి ఒకటి రెండు రకాలే తట్టుకుంటాయి. మరి తుంగ ఎలా బతుకుతోంది? తామర తూడు విరిచి చూసినవారికి తెలుస్తుంది, లోపల సన్నని గొట్టాలుంటాయి. మూడు పలకల కాడ ఉన్న ఈ బుల్‌రష్ తుంగలోనూ అలాంటి గాలి దారులే. పైనుంచి గాలి వేరుదాకా దిగుతుంది.

ఊటకు దూరంగా, అంచుల్లో, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మన చౌడు నేల తెల్లగా పొంగినట్టే. అక్కడి సాల్ట్‌గ్రాస్ ఆ ఉప్పును ఆకుల మీదికి కక్కేస్తుంది. ఎండలో పలుకులు మెరుస్తాయి.

(దృశ్యం: నీటిలో బోలు ఆకుల చిన్న మొక్క.)

నాకిష్టమైనది ఇది: హువాచుకా వాటర్ అంబెల్. చూస్తే గడ్డిపోచ, వంశం కొత్తిమీరది! 1997లో అమెరికా దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. మా పిల్లలు 'నీళ్ల కొత్తిమీర' అని పేరు పెట్టేశారు, నేనూ అలాగే పిలుస్తున్నాను.

19వ శతాబ్దం చివర్లో అరిజోనాలో పశువుల మందలు విపరీతంగా పెరిగాయి. గడ్డి పోయి నేల బోసిపోయింది. వరద జోరుకు వాగులు నేలను కోసుకుంటూ లోతుకు దిగాయి. చిత్తడంతా పరుచుకుని మెల్లగా పారే నీరు ఆ కోతల్లోకి జారిపోయింది. తుంగ ఎండిపోయింది, ఆరిన నేలలోకి మెస్కీట్ చెట్లు వచ్చాయి. మెస్కీట్ ఎవరో కాదు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. బురద ఆరి గాలి చొరబడ్డాక గానీ చెట్టుకు చోటు దొరకలేదన్నమాట.

(దృశ్యం: కోసుకుపోయిన వాగులో వరుసగా రాతి కట్టలు.)

కొన్ని చోట్ల ఇప్పుడు వాగులకు అడ్డంగా ఇలా రాళ్లు పేరుస్తున్నారు. వాటి వెనక ఒండ్రు చేరి, నీటిమట్టం పైకి వచ్చిన చోట తుంగ మళ్లీ మొలుస్తోంది.