రైలు వేళకి పంటు

సభకి వచ్చిన పెద్దలకీ, అక్కచెల్లెళ్లకీ నమస్కారం. రేవు పక్కనే పుట్టి పెరిగిన మీకు రేవు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ నలభై ఏళ్లుగా గోదారి దాటించే ఈ పంటు పడవ దిగి రైలుకి పరిగెత్తుతున్నవాణ్ణి. అందుకే ఒక్క విషయం అడగాలని వచ్చాను.

మన సఖినేటిపల్లి గట్టున నిలబడితే వశిష్ఠ గోదారికి ఆవల నరసాపురం. భీమవరం నుంచి వచ్చిన రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. ఆ పట్టాల్ని కోనసీమలోకి తెచ్చే కోటిపల్లి-నరసాపురం లైను 2000-01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల్నీ దాటాలి. ఆ ఏడు పుట్టిన పిల్లలు చదువులు ముగించుకుని ఉద్యోగాల్లో చేరారు. సెలవులకి ఇంటికొస్తే ఇప్పటికీ పంటే ఎక్కుతున్నారు.

ఒకప్పుడు కొవ్వూరు, రాజమండ్రి మధ్య కూడా ఇదే కథ. బెజవాడ వైపు నుంచి వచ్చిన రైలు గోదారి ఒడ్డున ఆగిపోతే, జనం నీటి మీద దాటి అవతల మళ్లీ రైలెక్కేవారు. 1897 నవంబరులో పని మొదలుపెట్టి, 1900 ఆగస్టు కల్లా హేవలాక్ వంతెన మీద రైళ్లు నడిపించారు. మనకీ వంతెన రావాలి, వస్తుంది. వచ్చేదాకా మాత్రం మన రైలు ప్రయాణం ఈ రేవులోనే మొదలవుతుంది. ఆ సంగతి లెక్కలోకి తీసుకోమనే నేను అడుగుతున్నాను.

ఒకసారి మా అమ్మని కంటి ఆపరేషన్‌కి హైదరాబాద్ తీసుకెళ్లాలి. సాయంత్రం నరసాపురం ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశాం. గంటన్నర ముందే రేవుకొచ్చాం. అది పాటు వేళ, నీళ్లు బాగా లాగేసి ఉన్నాయి. నడి గోదాట్లోకి వెళ్లాక పంటు కింద గరగరమంది. ఇసుక మేట. సరంగు ఇంజన్ని వెనక్కి తిప్పాడు. వెనకంతా బురద నీళ్లు పొంగాయి తప్ప పంటు జానెడు కదల్లేదు. ఇద్దరు కుర్రాళ్లు గెడలు దింపి బలమంతా పెట్టి తోశారు. పక్కనే, అంత దగ్గర్లో, కొంగలు మేట మీద నడుచుకుంటూ పోతున్నాయి. అమ్మ టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని నా మొహమే చూస్తోంది. నా టెన్షన్ ఆవిడకి తెలుస్తూనే ఉంది. చీకటి పడ్డాక అవతలి నుంచి రైలు కూత వినిపించింది. "పోన్లేరా, రేపెళ్దాం" అంది. పోటు వచ్చి పంటు తేలేసరికి స్టేషన్‌కి వెళ్లి చేసేదేమీ లేదు.

సరంగుని తప్పుపట్టడానికి లేదు. పోటూ పాటూ వచ్చే వేళలు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. ఆ లెక్క ఆయనకి కంఠతా వచ్చు. రైలు వేళ స్టేషన్ గోడ మీద రాసే ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన రాసిన బోర్డు ఒక్కటి రేవులో ఉంటే, ఆ రోజు మేం మధ్యాహ్నమే దాటేవాళ్లం.

వరద రోజుల మాటకొస్తే, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఇక పంట్లు ఆపేస్తారు. ఆపాలి కూడా, ప్రాణాలతో పందెం వద్దు. కానీ ఆ రోజు రైలు టికెట్ ఉన్నవాడు ఏం కావాలి? చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు తిరిగి వెళ్లాలి. ఆటో దొరికితే అదృష్టం.

అమెరికాలో న్యూయార్క్‌కి ఎగువన హడ్సన్ నది ఉంది. ఒక గట్టున హావర్‌స్ట్రా, రెండో గట్టున ఆసినింగ్. రైల్వే స్టేషన్ ఆసినింగ్‌లో ఉంది. అచ్చంగా మన పరిస్థితే. 2000లో అక్కడ ఫెర్రీ మొదలుపెట్టినప్పుడు రైలు వేళల్ని చూసి ఫెర్రీ వేళలు పెట్టారు. రెండింటికీ కలిపి ఒకే టికెట్ తీసుకునే వీలు పెట్టారు. చలికాలం నది గడ్డకట్టి ఫెర్రీ ఆగితే వంతెన మీదుగా బస్సు నడిపారు. ఇందులో మనకి చేతకానిది ఏముంది? మన నదికి గడ్డకట్టడం లేదు, వరద ఉంది. వంతెనా ఉంది, బస్సులూ ఉన్నాయి.

రేవంటే మనకి ఏటా జరిగే రేవు వేలంపాట గుర్తొస్తుంది. ఈసారి ఎంత పలికింది, పాట ఎవరికి వెళ్లింది అని మాట్లాడుకుంటాం. డబ్బు రావాల్సిందే. అయితే ఆ షరతుల్లోనే ఇంకో నాలుగు రాయించాలి. సాయంత్రం రైలుకి అందేలా ఒక ట్రిప్పు తప్పనిసరి. పొద్దున్నే హైదరాబాద్ నుంచి దిగినవాళ్లకి పంటు సిద్ధంగా ఉండాలి. రెండు గట్లమీదా లైటు, ఎక్కిన ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్. పాటు వేళ ముసలివాళ్లు బురదలో దిగకుండా గట్టి బల్ల. పంట్లు ఆగిన రోజు చించినాడ మీదుగా బస్సు వేయమని ఆర్టీసీని విడిగా అడుగుదాం.

ఇవన్నీ అర్జీగా రాసి తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. సంతకం పెట్టేముందు ఒకసారి చదవండి, నేను మరిచిపోయినవేమైనా ఉంటే కింద రాయండి. నరసాపురం నుంచి వచ్చినవాళ్లు ముందు పెట్టేసి బయల్దేరండి, ఆఖరి ట్రిప్పుకి టైమవుతోంది.