ఎస్‌జీపీటీ పెరిగిందన్నారు, రెండు పెగ్గులైనా వద్దా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో నలుగురు మగవాళ్లు కూర్చున్నచోట నన్ను అడిగేది ఇదే: లివర్ రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ 90 వచ్చింది, మరీ ఎక్కువేం కాదు కదా సార్, వారానికి రెండు పెగ్గులు వేసుకోవచ్చా? వద్దు. ఎందుకు పెరిగిందో తేలేదాకా ఒక్క చుక్క కూడా వద్దు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ లివర్ కణాల్లోపల ఉండాల్సిన ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి, ల్యాబ్‌లో కొలిచేది దాన్నే. కారణం తాగుడే కానక్కర్లేదు, ఫ్యాటీ లివర్ కావచ్చు, హెపటైటిస్ బి, సి కావచ్చు, వాడుతున్న టీబీ మాత్రలైనా కావచ్చు. ఏదైనా సరే, దాని మీద తాగడమంటే పుండు మీద కారం చల్లడమే. ఎస్‌జీపీటీకి రెట్టింపు మించి ఎస్‌జీఓటీ ఉంటే డాక్టరుకు ముందు తాగుడు మీదే అనుమానం వస్తుంది, అప్పుడు పక్కన భార్య ఉందని "ఎప్పుడైనా ఒకసారి సార్" అని గొణిగితే నష్టం మీకే.

బీరే కదా అంటారు. సీసా తిప్పి లేబుల్ చదవండి. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు మీద 8 శాతం అని ఉంటే అందులో ఆల్కహాల్ 41 గ్రాములు. 42.8 శాతం ఉన్న క్వార్టర్ విస్కీలో దాదాపు 60. తాగిన మర్నాడు తలనొప్పని పారాసిటమాల్ మీద పారాసిటమాల్ మింగితే ఆ భారమూ లివర్ మీదే. పసిరికలని ఎవరో ఇచ్చిన పసరు తాగేసి డాక్టరు దగ్గరికి పోకపోవడం ఇంకా ప్రమాదం.

మనవాళ్లకు మానడం చేతకాదంటే నేనొప్పుకోను. అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు ముట్టని మనుషులే కదా! తాగుడు వల్ల లివర్‌కు పట్టిన కొవ్వు మానేసిన కొన్ని వారాల్లోనే చాలావరకు తగ్గుతుంది, అలాంటిది మాల తీసిన సాయంత్రమే సీసా తెరుస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. నంబరు నార్మల్‌కొచ్చింది కదా అనీ మొదలెట్టొద్దు, గట్టిపడిపోయిన లివర్‌లో కూడా ఎంజైములు నార్మల్‌గా ఉండొచ్చు.

పొద్దున్నే చేతులు వణికి, గుక్క పడితేగానీ వణుకు ఆగనివాళ్లు మాత్రం నా మాట విని ఇవాళే ఇంట్లో సొంతంగా మానేయొద్దు. ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వచ్చి, మతి చెదిరి, ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లోవాళ్లను తోడు తీసుకుని రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్లను కలవండి, రోజూ ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు చెప్పండి, మాత్రలిచ్చి దగ్గరుండి మాన్పిస్తారు.