మోకు ఒగ్గక్కర్లేదు, రెండో తాడు కావాలి

యాంకర్: పర్లాకిమిడి నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. అడగండి బాబూ.

కాలర్: నమస్కారమండి. మేం తాటిచెట్లెక్కుతాం. మోకు, అదే మానుకీ నడుముకీ చుట్టే పీచుతాడు, ఒగ్గీసి బెల్టూ, నైలాన్ తాడూ కొనుక్కోమంటన్నారు. నైలానేమో చెట్టుమీద సర్రున జారిపోతంది. ఏటి చెయ్యమంటారు?

నిపుణుడు: మోకు ఒగ్గకండి. పీచుతాడు గరుకు, మీరు వెనక్కి వాలితే ఆ బరువుకి మానును పట్టేస్తుంది. నున్నటి నైలానుకి ఆ పట్టు రాదు. మోకుతో గండమల్లా పైకి జరిపేటప్పుడే. అప్పుడది వదులవుతుంది, మిమ్మల్ని ఆపేది కాళ్లే. వానకి మాను తడిస్తే ఆ కాళ్లూ నిలవవు. అంచేత కొనాల్సింది రెండో తాడు, దానికి ఒళ్లంతా పట్టే పట్టీల తొడుగు, అంటే హార్నెస్. ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం ముద్ర చూసి తీసుకోండి. ఒట్టి నడుం బెల్టయితే పడినప్పుడు దెబ్బంతా పొట్టకీ పక్కటెముకలకీ తగులుతుంది.

కాలర్: రెండోది ఎలాగ కట్టాలండి?

నిపుణుడు: 12 మిల్లీమీటర్ల, సాగుడు తక్కువున్న తాడు. ఒక కొసకి కన్ను, అంటే తాడు దూరే వలయం, ఉండాలి. రెండో కొసని మాను చుట్టూ రెండు చుట్లు తిప్పి, కన్నులోంచి లాగి, లాకు పడే కొక్కెం, అదే కారబైనర్‌తో, రొమ్ము మీది రింగుకి తగిలించండి. బరువు పడితే ఉచ్చు బిగుస్తుంది. ఉచ్చు ఎప్పుడూ రొమ్ముకి పైనే ఉండాలి, వదులు అర మీటరు దాటకూడదు. మోకు మీద వాలి ఉచ్చు జరపండి. ఉచ్చు బిగిశాక మోకు జరపండి. రెండూ ఒకేసారి వదులు కాకూడదు, కిటుకంతా అదే. పైకెళ్లాక మట్టకి మాత్రం తగిలించొద్దు, ఎండుమట్ట ఊడొస్తుంది. గీత కత్తి ఒరలో ఉంచండి. బిగువు మీదున్న తాడుకి చిన్న గాటు చాలు.

యాంకర్: ఛత్రపురం నుంచి కొబ్బరి దింపు చేసే ఆయన. లారీ సరుక్కి కట్టే ప్లాస్టిక్ తాడు చాలదా అంటున్నారు.

నిపుణుడు: వద్దండి. అది ఎండకి పెళుసైపోతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. మంచి తాడైనా ఎక్కేముందు వేళ్ల మధ్య నడిపి చూడండి. మెత్తబడ్డ చోటు, గట్టిపడ్డ చోటు, పైతొడుగు తెగిన చోటు తగిలితే పక్కన పడేయండి. బ్యాటరీ పక్కన పెట్టకండి, ఆసిడ్ సోకినట్టు పైకి కనపడదు.

యాంకర్: తెలంగాణలో గీత కార్మికులకి 2024లో ఇచ్చిన కాటమయ్య రక్షణ కిట్ లాంటిది కొంటే?

నిపుణుడు: కొనండి, కానీ నేర్పించుకుని ఎక్కండి. ముందు మీటరు ఎత్తులో వేలాడి సర్దుకోండి. కింద ఇంకో మనిషి, ఇంకో హార్నెస్ ఉండాలి. స్పృహతప్పి హార్నెస్‌లో వేలాడేవాణ్ణి నిమిషాల్లో దించాలి, ఫైరింజన్ వచ్చేదాకా ఆగే పని కాదు.