మౌంట్ రోడ్డు పక్క గెయిటీ

అందరికీ నమస్కారం.

మద్రాసు మౌంట్ రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో ఓ పాత హాలుంది. స్టాంపులు సేకరించేవాళ్లకు బాగా తెలుసు. నిజానికి అది 1913లో వార్విక్ మేజర్ అనే ఆయన కట్టిన ‘ఎలక్ట్రిక్ థియేటర్’ అనే సినిమా హాలు. రెండేళ్లు ఆడిందో లేదో, 1915లో తపాలా శాఖ కొనేసింది. సినిమా ఆపేసింది కాబట్టి ఆ హాలు బతికిపోయింది.

అక్కడికి దగ్గర్లోనే, క్యాసినో థియేటర్ పక్కన, మన రఘుపతి వెంకయ్య కట్టిన గెయిటీ సినిమా హాలు ఉండేది. ఇది సినిమాను వదల్లేదు. దాదాపు తొంభై ఏళ్లు ఆడింది. ఇప్పుడు లేదు.

వెంకయ్యది బందరు. మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో నడిపేవాడు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నాడు. తెరమీద బొమ్మ కదులుతుంటే, దానికి జత కలిపిన గ్రామఫోన్ ప్లేటు పాడేది. తెలుగు టాకీ 1931లో పుట్టిందని మనం చెప్పుకుంటాం కదా, అంతకు ఇరవయ్యేళ్ల ముందే ఈయన తెరచేత పాడించాడు. నిమిషాల లెక్కన ఉండే చిన్న బొమ్మలే అనుకోండి! ఆ యంత్రం పట్టుకుని బెంగళూరు, బెజవాడ, బర్మా, సింహళం తిరిగాడు. ఊరూరా డేరా వేయడం, పీకడం. గాలివానొస్తే ఆట బందు.

అలా తిరిగినాయన 1914 నాటికి గెయిటీ కట్టి ఒకచోట నిలబడ్డాడు. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే. తర్వాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్. మూకీల రోజుల్లో తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. తెరమీద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేని జనానికి ఆ గొంతే సినిమా. ఆ గొంతుల్ని నేను వినలేకపోయానన్నదే నా బాధ.

కొడుకు ప్రకాశ్‌ని సినిమా విద్య కోసం విదేశాలకు పంపాడు. అతనే 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. వెంకయ్యను తెలుగు సినిమాకు పితామహుడంటాం. నన్నడిగితే ఆ మాట ముందు హాలు కట్టినందుకు అనాలి, సినిమా తర్వాత.

చివరికి అప్పులపాలై హాళ్లు చేజారాయి. 1941లో వెంకయ్య పోయాడు. గెయిటీ మాత్రం చేతులు మారుతూ, కొత్త తెరలు, కొత్త యంత్రాలు పెట్టుకుంటూ ఇంకో అరవై ఏళ్లు నడిచింది. మౌంట్ రోడ్డులో స్థలం ధర ముందు టికెట్ డబ్బులు ఎంతని నిలబడతాయి? 2000 దాటాక మూసేశారు, తర్వాత కూల్చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాత్రం 1980 నుంచే ఆయన పేరిట అవార్డు ఇస్తూ వచ్చింది.

మద్రాసులో చదువుకున్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. గెయిటీ టికెట్ ముక్కో, ఫొటోనో మీ పెట్టెల్లో ఉంటే పారేయకండి, నాకోసారి చూపించండి.