అడిగితే చెబుతారు

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఇంతమంది తెలుగు నర్సులు ఒకచోట కూర్చోవడం చూస్తే చాలా సంతోషంగా ఉంది.

నేను నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన ఆడవాళ్ళ లైంగిక ఆరోగ్యం నా అంశం. మా అమ్మ మాత్రం చుట్టాలకు "అమ్మాయి క్యాన్సర్ మీద చదువుతోంది" అంటుంది. మొదట్లో బాధపడేదాన్ని. ఆ మిగతా సగం పలకడానికి అమ్మ దగ్గర మాట లేదని తర్వాత తెలిసింది. నేను కలిసే పేషెంట్ల దగ్గరా లేదు.

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి చికిత్స కోసం ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. రేడియేషన్, వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, చివర్లో బ్రాకీథెరపీ, అంటే రేడియేషన్ ఇచ్చే సోర్స్‌ను కాసేపు లోపలే పెట్టడం. దాని తర్వాత యోని పొడిబారుతుంది, ఇరుకవుతుంది. యోని ఇరుకవకుండా మెల్లగా సాగదీసే డైలేటర్ అనే గొట్టం, నీటి ఆధారిత జెల్ వాడితే చాలామందికి ఉపశమనం ఉంటుంది. ఫాలోఅప్‌లో లోపలి పరీక్ష కూడా సులువవుతుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. డిశ్చార్జి రోజున మాత్రం మనం తిండి గురించి చెబుతాం, మాత్రలు చెబుతాం, మళ్ళీ రావాల్సిన తేదీ చెబుతాం. ఇది చెప్పం. నేనూ వార్డులో ఉన్నన్నాళ్ళు ఒక్కరికీ చెప్పలేదు.

కదిరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ, నేను బీపీ చూస్తుంటే తల వంచుకుని అడిగింది: "అమ్మా, నా ఒంట్లో కరెంటు మా ఆయనకు అంటుకుంటుందా?" కరెంటు అంటే రేడియేషన్. ఎనిమిది నెలలుగా ఆయన వసారాలో పడుకుంటున్నాడట. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదని, బ్రాకీథెరపీలో లోపల పెట్టిన సోర్స్‌ను సెషన్ కాగానే తీసేస్తారని, క్యాన్సర్ అంటువ్యాధి కాదని చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాల మాట కోసం ఎనిమిది నెలలు! నా పరిశోధన అంశం ఆ రోజే ఖాయమైంది.

1976లో జాక్ ఆనన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ప్లిసిట్ అనే పద్ధతి చెప్పాడు. నాలుగు మెట్లు. మొదటిది అనుమతి. "ఈ విషయం ఇక్కడ మాట్లాడొచ్చు" అని పేషెంటుకు తెలియజేయడం. మిగతా మూడింటికి శిక్షణ కావాలి, పైమెట్టుకు నిపుణులు కావాలి. మొదటి మెట్టు మాత్రం డ్యూటీలో ఉన్న ఏ నర్సయినా ఎక్కగలదు.

ఇక నా అసలు కష్టం భాషతో. మహిళల లైంగిక ఆరోగ్యాన్ని కొలిచే ప్రశ్నావళి ఒకటి 2000లో వచ్చింది, 19 ప్రశ్నలు. తెలుగులోకి మార్చిన తొలి ప్రతిలో "లైంగిక వాంఛ", "యోని స్రావం" అని ఉన్నాయి. చదివి వినిపిస్తే పేషెంట్లు నా మొహం చూశారు. పోనీ అని "సంసారం ఎలా ఉంది" అన్నాను. ఒకావిడ రెండెకరాల పొలం, కొడుకు చదువు, బ్యాంకు అప్పు అన్నీ చెప్పింది. ఆవిడ జవాబు తప్పు కాదు, మన భాషలో ఆ మాటకు ఆ అర్థమూ ఉంది. చివరికి "కలవడం", "కోరిక", "తడి" అనే మాటలు నిలిచాయి. "మంట" అన్న మాట వాళ్ళే ఇచ్చారు. ఇలా మార్చిన ప్రతిని, ఇంగ్లీషు మూలాన్ని చూడని ఇంకొకరితో మళ్ళీ ఇంగ్లీషులోకి రాయించి మూలంతో పోల్చాలి. ఒక్క మాట మారినా మళ్ళీ మొదటికే.

సమ్మతి పత్రం దగ్గర ఇంకో టెన్షన్. చదువురాని వాళ్ళు వేలిముద్ర వేసేటప్పుడు నిష్పక్షపాత సాక్షి ఉండాలి. ఒక తల్లికి కొడుకు సాయంగా వచ్చాడు. పత్రం తీసుకుని పైకి చదవబోతే ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపేశాను. ఎథిక్స్ కమిటీ అనుమతితో పత్రం పేరు "చికిత్స తర్వాత ఆడవారి ఆరోగ్యం" అని మార్చుకున్నాను. లోపలి విషయం ఏదీ దాచను. తలుపు వేసి, ఆవిడ ఒక్కరికే, ఇంటివాళ్ళు కాని మహిళా సాక్షి ముందు పూర్తిగా వివరిస్తాను. దానికి ఒక గది దొరకడానికే ఒక్కోసారి పూటంతా పడుతుంది.

మీలో పాలమూరు వాళ్ళున్నారు, శ్రీకాకుళం వాళ్ళున్నారు. నా మాటలు రాయలసీమవి. మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఈ నొప్పిని, ఈ పొడిబారడాన్ని ఏమంటారో నాకు తెలియదు. ఆ మూల బల్ల మీద కాగితాలు పెట్టాను. వెళ్ళేముందు మీ అమ్మమ్మ వాడే మాట రాసిపెట్టండి, పేరు రాయక్కర్లేదు. జిల్లా ఒక్కటి రాయండి చాలు.