ఆఫీసులో వృథా తగ్గించడం ఎలా? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. మనం పనిచేసే ఆఫీసుల్లో కరెంటు, చెత్త, సామాను... వీటిలో వృథా తగ్గించుకోవడం ఎలా అన్నది ఈ రోజు అంశం. మేడం స్టూడియోలోనే ఉన్నారు. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే మేడం. నేను ఒక ఆఫీసులో అడ్మిన్ చూస్తానండి, రెండు అంతస్తులు మావి. మా పెద్దసారు పిలిచి, ఈ ఏడాది మన ఆఫీసు పర్యావరణానికి మేలు చేసేలా మారాలి, ఏం చేస్తావో చూడు అన్నారు. పోయినేడు మొక్కల కుండీలు కొన్నాం, సగం ఎండిపోయాయి. తర్వాత గుడ్డ సంచులు పంచాం. ఇప్పుడు సోలార్ పెట్టిద్దామని కొందరు అంటున్నారు. పెట్టించమంటారా?

నిపుణురాలు: ఆగండాగండి. నెలకి ఎన్ని యూనిట్లు కాలుతోంది మీకు?

శ్రోత: బిల్లు నేరుగా అకౌంట్స్ వాళ్లకి వెళ్తుందండి, నేను చూడను. ఈసారి ఎక్కువొచ్చిందని మాత్రం...

నిపుణురాలు: అదీ సంగతి. కొనేముందు కొలవండి. ఎప్పుడూ చెప్పేదే, మళ్లీ చెబుతున్నా. రాత్రి 7కి అందరూ వెళ్లాక మీటరు రీడింగు రాసుకోండి. పొద్దున 7కి మళ్లీ రాయండి. 60 యూనిట్లు కాలిందనుకోండి. గంటకి 5 యూనిట్లు. మనిషి లేని ఆఫీసులో రాత్రంతా 5 కిలోవాట్లు నడిచినట్టు. ఎవరి కోసం?

శ్రోత: వాచ్‌మన్ ఉంటాడండి. ఫ్యాను వేసుకుంటాడు.

నిపుణురాలు: అయ్యో, ఆ ఫ్యాను జోలికి పోకండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, రాత్రంతా తిరిగినా ఒక యూనిట్ కాదు. ఒకరోజు అందరూ వెళ్లాక మీరు ఆగండి. లైట్లన్నీ ఆపి చెవి పెట్టి వినండి. ఎక్కడ గుయ్‌మంటోంది, ఎక్కడ ఎర్ర లైటు వెలుగుతోంది? నీళ్ల డిస్పెన్సరు ఒకవైపు నీళ్లు కాస్తూ, ఇంకోవైపు చల్లారుస్తూ తెల్లవార్లూ పనిచేస్తుంటుంది. టీ గదిలో గీజరు, జిరాక్స్ మిషను, మీటింగ్ రూమ్ స్క్రీను. సర్వర్ రూమ్ ఉందా?

శ్రోత: ఉందండి. ఏసీ 16లో ఉంచమన్నారు. లోపలికెళ్తే వణుకొస్తుంది.

నిపుణురాలు: చూశారా! సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఆష్రే అనే ఏసీ ఇంజనీర్ల సంస్థ ప్రమాణాలే చెబుతున్నాయి. అలాగని ఒక్కసారే పెంచేయకండి. ఐటీ వాళ్లని పక్కన పెట్టుకుని, సర్వర్లు పెట్టిన ర్యాక్ ముందు థర్మామీటరు పెట్టి, ఒక్కో డిగ్రీ పెంచుతూ చూడండి.

శ్రోత: అయితే సోలార్ వద్దంటారా మేడం?

నిపుణురాలు: వద్దనలేదు నాయనా! వృథా ఆపకుండా పెడితే ఆ వృథాకి కూడా ప్యానెళ్లు కొన్నట్టవుతుంది. పైగా రాత్రి కాలే కరెంటు రాత్రిపూట ప్యానెల్ ఎక్కణ్ణుంచి ఇస్తుంది? ముందు రీడింగు, తర్వాత సోలార్.

శ్రోత: మరి లైట్లు ఆర్పండి అని బోర్డులు...

నిపుణురాలు: బోర్డు వారం రోజులు చూస్తారు, ఆపైన గోడలో కలిసిపోతుంది. చివర తాళం వేసేదెవరో తేల్చండి. ఏమేం ఆపాలో రాసిన కాగితం ఆయన చేతికివ్వండి. రాత్రి ఎన్ని యూనిట్లు కాలాయో రోజూ పొద్దున నోటీసు బోర్డు మీద రాయండి. అంకె దిగుతుంటే అందరికీ పట్టుదల వస్తుంది.

యాంకర్: థ్యాంక్యూ అండి. తర్వాతి కాలర్.

శ్రోత: మేడం, మేం ప్లాస్టిక్ కప్పులు మానేసి పేపర్ కప్పులు తెచ్చాం. మంచిదేనా?

నిపుణురాలు: పేపర్ కప్పు లోపల పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుందమ్మా, లేకపోతే టీ కారిపోదూ? అందుకే మామూలు కాగితంలా రీసైకిల్ కావడం కష్టం. గాజు గ్లాసులో, స్టీలు గ్లాసులో పెట్టండి. కానీ కడిగే మనిషికి అందుకు తగ్గ సమయం ఇవ్వండి. ఉన్న పని మీద ఇదీ వేస్తే నెల తిరక్కుండా పేపర్ కప్పులే వస్తాయి.

యాంకర్: హలో, చెప్పండి.

శ్రోత: మా ఏసీలకి ప్రతి ఏడాదీ గ్యాస్ నింపించాల్సి వస్తోందండి...

నిపుణురాలు: నింపించాల్సి రాకూడదు! ఏటా నింపుతున్నారంటే ఎక్కడో లీకవుతోంది. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. లీకు మూయించాకే నింపమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి.

శ్రోత: ఇంకొకటి మేడం, మా కిటికీల...

యాంకర్: లైన్ కట్టయినట్టుంది. ఇంకొక్క కాల్ తీసుకుందాం.

శ్రోత: మూడేళ్లకోసారి ల్యాప్‌టాప్‌లన్నీ మార్చేస్తామండి. కొత్తవి కరెంటు తక్కువ తింటాయని.

నిపుణురాలు: కొనేముందు కొలవండమ్మా. ల్యాప్‌టాప్ వల్ల వాతావరణం మీద పడే భారంలో ఎక్కువ భాగం దాని తయారీలోనే ఉంటుంది. కరెంటులో మిగిలేది దానికి సరిపోదు. బ్యాటరీ మార్చండి, ర్యామ్ పెంచండి, ఇంకో రెండేళ్లు వాడండి. నిజంగా పాడైనవి తూకానికి అమ్మకండి. డేటా తుడిచి, లైసెన్సున్న ఈ-వేస్ట్ వాళ్లకి ఇచ్చి రసీదు తీసుకోండి.

యాంకర్: సమయం అయిపోయింది. మేడం, ధన్యవాదాలు. లైన్లో ఉన్నవాళ్లు వచ్చే వారం మళ్లీ చేయండి.